బేషెనాలి తాతకు జరిగిన గౌరవం

భూమండలం మొత్తంమీద పెద్దలను గౌరవించడంలో మా కరాబెల్ జిల్లాను మించిన జిల్లా లేదు. ఇది నా అభిప్రాయం కాదు, జిల్లా ఉత్తర్వు. దాని కింద సంతకం ఉంది, ముద్ర ఉంది. పోయిన చలికాలం నుంచి ప్రతి ఆఫీసు గోడమీదా అద్దాల చట్రంలో వేలాడుతోంది (కాస్త ఎత్తులో బిగించారు, ముసలివాళ్లకు ఆనదు. అయినా వాళ్లు చదవాల్సిన పని లేదు, గౌరవం పొందితే చాలు).

పెద్దలను గౌరవించమని ఉత్తర్వు ఇచ్చేదాకా ఎందుకు వచ్చిందంటే, అందుకు ఒక సినిమా కారణం. రాజధాని నుంచి ఒక కుర్ర దర్శకుడు వచ్చి, మా తాష్‌బులాక్ ఊళ్లో, మా ఊరి జనంతోనే ఆ సినిమా తీశాడు. కథ చిన్నది. మా గుడారాల్లో తలుపుకు ఎదురుగా మడతపెట్టిన బొంతలు ఒకదానిమీద ఒకటి పేర్చి పెడతాం కదా, ఆ దొంతర ఎంత ఎత్తుంటే ఇంటికి అంత పరువు. సినిమాలో ఒక కుటుంబం తమ ముసలమ్మను గౌరవంగా ఆ దొంతరమీద కూర్చోబెడుతుంది. కొడుకు కొత్త బొంత తెస్తే ఆవిడను ఎత్తి, బొంత పరిచి, మళ్లీ కూర్చోబెడతారు. కోడలు ఇంకోటి తెస్తుంది. అలా ఆవిడ నెమ్మదిగా పైకప్పు దగ్గరికి చేరుతుంది. అక్కడినుంచి టీ అడిగితే కింద ఎవరికీ వినపడదు. వాళ్లంతా ఆవిడ ఆరోగ్యం కోరుతూ గిన్నెలెత్తి కుమిస్, అదే పులిసిన గుర్రప్పాలు, తాగుతుంటారు. చివరికి ఒక బొంత ఎక్కువై, ఆవిడ గుడారం నడినెత్తిన ఉండే పొగగూడులోంచి ఆకాశంలోకి వెళ్లిపోతుంది. కింద విందు సాగుతూనే ఉంటుంది.

ఇది మనందరి గురించీ తీసిన సినిమా అని తెలిసినవాళ్లు అన్నారు. మా జిల్లా పెద్దల గౌరవ విభాగం మాత్రం తొందరపడి ఏమీ అనలేదు, ముందు విచారణ జరిపించింది. టేపులు పట్టుకుని మనుషులు ఇల్లిల్లూ తిరిగి బొంతల దొంతరలు కొలిచారు. పొగగూడును అందుకున్న దొంతర జిల్లాలో ఒక్కటీ కనపడలేదు. కాబట్టి సినిమాలో చూపించిన దారుణం మా దగ్గర జరగడం లేదని తేలిపోయింది. అయినా ముందుజాగ్రత్త మంచిదని, నడుమెత్తుకు మించిన దొంతరమీద పెద్దలను కూర్చోబెట్టేవారు పక్కన నిచ్చెన ఉంచాలని ఒక నిబంధన తెచ్చారు. మా పక్కింటావిడ వాళ్ల అత్తగారికోసం నిచ్చెన చేయించింది. అత్తగారు మంచం దిగి చాలా కాలమైంది, ఆవిడకు ఎండ చూడాలని ఉందట. నిచ్చెన మాత్రం తనిఖీకి వచ్చినవాళ్లకు బాగా నచ్చింది.

ఇంతలో ఆ సినిమాకు సముద్రాల అవతల ఎక్కడో పెద్ద బహుమతి వచ్చింది. దాంతో అది మా జిల్లాను తిట్టిన సినిమా కాకుండా, మా జిల్లా గర్వించే సినిమా అయింది. ప్రతి ఊరి క్లబ్బులోనూ దాన్ని ఆడించాలని ఆదేశం వచ్చింది. మా దగ్గర పెద్దల దీవెన లేకుండా ఏ పనీ మొదలుకాదు. పెళ్లయినా, వంతెనయినా, ట్రాక్టర్ అయినా ఎవరో ఒక తెల్లగడ్డం ముందుకొచ్చి, అరచేతులు చాపి నాలుగు మాటలు చెప్పి, ముఖం తుడుచుకుంటేనే తరవాతి సంగతి. మరి పెద్దల నిరాదరణ గురించిన సినిమాకు ఎలాంటి తెల్లగడ్డం కావాలి?

ఈ ప్రశ్న పెద్దల గౌరవ విభాగం అధిపతి నుర్జమాల్ ఇసాయెవ్నాకు నిద్ర పట్టనివ్వలేదు. ఆవిడ మంచి మనిషి (ఇందులో వ్యంగ్యం లేదు). ముసలివాళ్లు కనపడితే లేచి నిలబడుతుంది, కళ్లనీళ్లు పెట్టుకుంటుంది, మోచెయ్యి పట్టుకుని వాళ్లు వెళ్లదలుచుకోని చోటికి కూడా భద్రంగా తీసుకెళుతుంది. ఆవిడకే తట్టింది. సినిమాలో ముసలమ్మగా వేసిన కుమూష్ అవ్వ షూటింగు అయ్యాక, సినిమా బయటికి రాకముందే పోయింది. ఆవిడ భర్త బేషెనాలి ఉన్నాడు. జీవితమంతా కొండల్లో గొర్రెలు కాసిన మనిషి, ఛాతీదాకా తెల్లటి గడ్డం. ఆ గడ్డాన్ని చూడగానే నుర్జమాల్‌కు ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ కుమూష్ అవ్వ గురించి ఒక మాట చెప్పాలి. మా వైపు పాతకాలపు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. కుమూష్ అవ్వ మరీ పట్టుదల మనిషి. మా భాషలో గురువారాన్ని బేషెంబి అంటాం, బేషెనాలి పేరులో అది ఉంది కాబట్టి ఆవిడ గురువారాన్ని కూడా ఆ పేరుతో పిలవకుండా ‘బుధవారం మర్నాడు’ అనేది. మొగుణ్ణి పిలవాలంటే ‘ఇదిగో’ అనో, ‘గొర్రెల మనిషీ’ అనో పిలిచేది, బాగా కోపమొస్తే గిన్నె చప్పుడు చేసేది. పెళ్లయిన నాటినుంచి పోయేవరకూ బేషెనాలి తన పేరు పెళ్లాం నోట వినలేదు.

అలాంటి మనిషి సినిమాలో ఆ పేరు పెట్టి పిలిచింది. చివరి సన్నివేశంలో దొంతరమీదికి ఎక్కించాక, నిజంగా ఇంత ఎత్తున చిక్కుకుపోతే నువ్వు ఎవర్ని పిలుస్తావో వాళ్లనే పిలువు అని దర్శకుడు చెప్పాడట. అవ్వ కిందికి చూసింది, అటూ ఇటూ చూసింది, గట్టిగా పిలిచింది. షూటింగు చూడ్డానికి వచ్చిన ఆడవాళ్లంతా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. బేషెనాలి అప్పుడు పై మేతభూముల్లో ఉన్నాడు. ఈ సంగతి అవ్వ ఆయనకు చెప్పలేదు, చెప్పాలంటే ఆ పేరు మళ్లీ ఎత్తాలి కదా.

మొదటి ప్రదర్శన తాష్‌బులాక్‌లోనే పెట్టారు. జిల్లా పత్రికలో శీర్షిక రాసేవాణ్ణి కాబట్టి నేనూ విభాగం వ్యానులో వెళ్లాను. బేషెనాలి తాతకు కొత్త చపాన్, అంటే పొడుగాటి అంగీ, తొడిగారు, నెత్తిన తెల్ల ఉన్నిటోపీ పెట్టారు, వేదికమీద ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టారు. గౌరవాసనం జనానికి ఎదురుగా ఉండాలన్నది నియమం. అందువల్ల తెర ఆయన వీపు వెనక పడింది. తాత చక్కగా దీవించాడు, అందరం ఆమీన్ అన్నాం, దీపాలు ఆరాయి. తాత కుర్చీ తిప్పుకోబోయేసరికి నుర్జమాల్ మోచెయ్యి పట్టుకుని పక్కగదికి నడిపించుకుపోయింది. అక్కడ టీ, నూనెలో వేయించిన బూర్సోకులు, ఉడికించిన గొర్రెతల సిద్ధంగా ఉన్నాయి. పెద్దాయన తలమాంసం కోసి పంచితే తప్ప ఎవరూ తినకూడదు. విభాగం సిబ్బంది ఆకలిమీద ఉన్నారు (నేను కూడా). తాత పంచాడు. పంచడం పూర్తయ్యేసరికి సినిమా కూడా పూర్తయింది.

హాల్లోంచి బయటికొచ్చిన ఆడవాళ్లు తాతను చుట్టుముట్టారు. ముసిముసిగా నవ్వుతూ, నీ పెళ్లాం నిన్ను పేరుపెట్టి పిలిచింది పో అన్నారు. తాత నమ్మలేదు. ఒట్టేసి చెప్పారు. అప్పుడాయన ఒకే ఒక్క మాట అడిగాడు.

“ఎలా పిలిచింది?”

ఒకామె మేకను పిలిచినట్టు పిలిచి చూపించింది. ఇంకొకామె ఏడుపు గొంతుతో పిలిచింది. మూడో ఆవిడ, అబ్బే, తిట్టినట్టే పిలిచింది, ఎన్నాళ్ల కసో పాపం అంది. తాత నన్నూ అడిగాడు. నా వాటా మాంసం అందగానే హాలు తలుపు దగ్గర నిలబడి చివరి భాగం చూశాను కాబట్టి, ‘చాలా కళాత్మకంగా పిలిచింది’ అన్నాను. ఆయన నా వైపు జాలిగా చూసి ఇంటిదారి పట్టాడు.

ఆ రోజునుంచి ఆయనకు ఒకటే కోరిక, ఆ పిలుపు ఒక్కసారి తన చెవులతో వినాలి. కోరిక చాలా చిన్నదని మీకు అనిపించవచ్చు. పెద్దల గౌరవ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో మీకు తెలియకపోతేనే అలా అనిపిస్తుంది. సినిమా నకలు విభాగం దగ్గర ఒక్కటే ఉంది, హాల్లో ఎవరూ రికార్డు చేసుకోకుండా ఫోన్లు గుమ్మం దగ్గరే పుచ్చుకుంటారు. వినాలంటే హాల్లో కూర్చోవాల్సిందే. అక్కడే వచ్చింది చిక్కు.

రెండో ఊళ్లో దీవెన అవగానే తాత నుర్జమాల్‌ను పక్కకు పిలిచి అడిగాడు.

“అమ్మా, నా పని అయిపోయింది కదా. అదిగో, ఆ మూల ఒక స్టూలు వేయించావంటే నేనూ చూస్తాను.”

“మూలనా? మిమ్మల్నా?” నుర్జమాల్ కళ్లలో నీళ్లు తిరిగాయి. “తాతగారూ, పెద్దవాళ్లని మూల కూర్చోబెట్టకూడదనే కదండీ ఆ సినిమా తీసింది.”

పోనీ, ఎవరూ లేనప్పుడు తనొక్కడికీ వేసి చూపించమని ఆయన బతిమాలాడు. ఆవిడ ఈసారి నిజంగానే హడలిపోయింది. ఖాళీ హాల్లో ముసలాయన్ను ఒంటరిగా కూర్చోబెట్టడం ‘ఒంటరితనం’ అనే పద్దు కిందికి వస్తుందనీ, దాన్ని సున్నాకు తెచ్చామని విభాగం ఇప్పటికే పైకి రాసేసిందనీ చెప్పింది. గొర్రెతల చల్లారిపోతోందని గుర్తుచేసి లోపలికి తీసుకెళ్లింది.

తాత కొండల్లో తోడేళ్లతో వ్యవహరించిన మనిషి, అంత తేలిగ్గా ఊరుకోడు. దీవెన తొందరగా ముగిస్తే టీ తొందరగా అవుతుంది, టీ తొందరగా అయితే చివరి సన్నివేశానికి అందుకోవచ్చని లెక్కేశాడు. తరవాతి ఊళ్లో లేచి, ‘అందరూ బాగుండండి, ఆమీన్’ అని కూర్చున్నాడు. జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పెద్దాయనకు ఒంట్లో బాగాలేదని ఎవరో అన్నారు. నుర్జమాల్ పరుగున వెళ్లి డాక్టర్‌ని పిలిపించింది. నాలుక చూశారు, నాడి చూశారు, చన్నీళ్ల గుడ్డ వేసి పడుకోబెట్టారు. సినిమా పక్కగదిలో ఆడుతూనే ఉంది. ఆ వారమే, దీవెన కెటిల్ మరిగేటంత సేపైనా సాగాలని కొత్త నిబంధన వచ్చింది (కెటిల్ పరిమాణం మీద ఇంకా చర్చ జరుగుతోంది).

తరవాత ఆయన ఎవరికీ చెప్పకుండా గడ్డి లారీ ఎక్కి జాంగీజోల్ వెళ్లాడు. అక్కడ దీవెనకు వేరే ముసలాయన్ను పిలిచారు కాబట్టి తన జోలికి ఎవరూ రారనుకున్నాడు. టోపీ కిందికి లాక్కుని ఆఖరి వరసలో కూర్చున్నాడు. పక్కనున్న కుర్రాడు ఆ గడ్డాన్ని చూసి లేచాడు. వాణ్ణి చూసి వరసంతా లేచింది. తెల్లగడ్డం వెనక ఉండగా ముందు కూర్చోవడం మావాళ్ల వల్ల కాదు, లేచి నిలబడే అలవాటు మా మోకాళ్లలోనే ఉంది. హాలంతా నిలబడి ఆయన్ను ముందుకు రమ్మంది, ముందు వరస వేదికమీదికి పొమ్మంది. వేదికమీద కుర్చీలో ఉన్న ముసలాయన, మీరు నాకన్నా పెద్ద అంటూ లేచాడు. బేషెనాలి, లేదు, మీరు కూర్చోండి అన్నాడు. వయసులో ఎవరు పెద్ద అన్నది తేలక, ఇద్దర్నీ సమానంగా గౌరవించడమే మంచిదని చెప్పి, ఇద్దర్నీ పక్కగదిలోకి తీసుకుపోయి టీ ఇచ్చారు.

ఊరూరా తొడిగిన చపాన్లన్నీ తాత ఇంట్లో ఒకదానిమీద ఒకటి పేరుకుపోయాయి. దొంతర కిటికీని కప్పేసింది. టేపుల వాళ్లు ఇంకా అటు వెళ్లలేదు.

ఆఖరి ప్రదర్శన జిల్లాకేంద్రం క్లబ్బులో పెట్టారు. ఆ తరవాత సినిమా నకలు రాజధానికి వెళ్లిపోతుంది. ఆ రోజు పొద్దున్నే విభాగం వ్యాను డ్రైవర్ ఎర్మెక్ ఆయన్ను తీసుకురావడానికి వెళ్లాడు. తాత గుమ్మంలో కూర్చుని ఉన్నాడు, చేతిలో గొర్రెలకు ఉన్ని తీసే కత్తెర. గడ్డం సగం పోయింది. మంగలిని అడిగితే, తెల్లగడ్డం మీద చెయ్యి వేస్తే నా చేతులు పడిపోతాయి తాతా అన్నాడట. అందుకని సొంత పనిముట్టు తీశాడు.

“ఇదేంటి పెదనాన్నా, అచ్చం వాన్లో తడిసిన గొర్రెలా ఉన్నావ్,” అన్నాడు ఎర్మెక్.

“నీ రేజరు ఉంటే ఇలా తే. మిగిలింది కూడా తీసెయ్యాలి. ఆ అమ్మకి నేను ఇంట్లో లేనని చెప్పు.”

ఎర్మెక్‌ రేజరు తెచ్చి తనే నున్నగా గీశాడు. నుర్జమాల్‌కు ఫోన్ చేసి పెద్దాయన ఇంట్లో లేడని చెప్పాడు. వ్యాను వెనక సీట్లో పడుకోబెట్టి తీసుకొచ్చి, క్లబ్బు పక్కసందులో దింపాడు. నుర్జమాల్ కాస్త ఏడ్చి, ఇంకో గడ్డాన్ని వెతికి వేదికమీద కూర్చోబెట్టింది.

గుమ్మం దగ్గర టికెట్లు చింపే పిల్ల తాతవైపు చూడనైనా చూడలేదు. “సీట్లు లేవు బాబాయ్, గోడకానుకుని నిలబడు. జనాన్ని తోసుకోకు,” అంది. తాత మొహం వెలిగిపోయింది. ఎవరో ఆయన కాలు తొక్కారు. ఇంకెవరో మోచేత్తో పక్కకు జరిపారు. ఎవరూ లేవలేదు, ఎవరూ చెయ్యి పట్టుకోలేదు, ఎక్కడా టీ లేదు. ఎర్మెక్ నా చెవిలో చెబితే వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. పెళ్లికొచ్చిన కుర్రాడిలా హుషారుగా ఉన్నాడు.

సినిమా మొదలైంది. కుమూష్ అవ్వ కనపడగానే తాత చిన్నగా నవ్వాడు. ఆవిడ నెత్తిమీది గుడ్డ సర్దుకుంటుంటే, అదిగో మొదలెట్టింది, రోజుకి వందసార్లు సర్దుకుంటుంది అని గొణిగాడు. బొంతలు తిరగేసి పరిచారని విసుక్కున్నాడు. ముందు కూర్చున్నవాడు వెనక్కి తిరిగి, ఏయ్ ముసలాయనా, నోరు మూసుకో అన్నాడు. తాత వినయంగా నోరు మూసుకున్నాడు.

చివరి సన్నివేశం వచ్చింది. దొంతర పొగగూడును తాకింది. అవ్వ కిందికి చూసింది, అటూ ఇటూ చూసింది. తాత గోడను వదిలి ఒక అడుగు ముందుకు వేశాడు, చెవి వెనక చెయ్యి పెట్టుకున్నాడు. అవ్వ నోరు తెరిచింది.

“గౌరవనీయులైన పెద్దలూ, దయచేసి కొంచెం టీ ఇప్పించగలరు,” అని వినపడింది. అది నుర్జమాల్ గొంతు.

సంగతేమిటంటే, ముందు వారం ఒక ఊళ్లో ఎవరో అభ్యంతరం చెప్పారు. దీవెన ఇచ్చిన పెద్దాయన పేరునే ఆయన భార్య అంత గట్టిగా పిలిస్తే, హాల్లో ఉన్న కొత్తకోడళ్లు ఏం నేర్చుకుంటారని అడిగారు. నుర్జమాల్‌కు నిజమే అనిపించింది. తాత పరువు కాపాడాలని రాత్రీ పగలూ కూర్చుని ఆ ఒక్క మాటా తీయించి, దాని బదులు తన గొంతుతో గౌరవంగా ఒక మాట పెట్టించింది. ఆయనకు ముందే చెప్తే మొహమాటపడతాడని చెప్పలేదు.

దీపాలు వెలిగాయి. జనం బయటికి నడిచారు. తాత తెరవైపే చూస్తూ నిలబడ్డాడు.

“పెదవులు చూశావా?” అన్నాడు.

“చూశాను తాతా.”

“నా పేరే కదా?”

“నీ పేరే.”

“కోపంతో కాదయ్యా. భయమేసింది దానికి. అంతమంది ఉన్నారు కింద, నన్ను పిలిచింది.” ఆయన చెయ్యి అలవాటుగా గడ్డం కోసం వెళ్లి ఖాళీగా తిరిగొచ్చింది. కన్నీళ్లు నేరుగా కాలర్లోకి దిగిపోతున్నాయి. “నేను పైన గొర్రెల దగ్గరున్నాను. వినపడలేదు.”

నాకు కూడా కళ్లు చెమర్చాయి. ఈ మాట శీర్షికలో రాయకూడదు గానీ రాస్తున్నాను.

అప్పుడే నుర్జమాల్ వచ్చింది. తాతను గొంతుబట్టి గుర్తుపట్టి, నున్నటి చెంపలు చూసి, కుర్చీలో కూలబడింది. ఎవరు చేశారీ పని అని అడిగింది. నేనే తల్లీ అన్నాడాయన. కోప్పడలేదు, ఆవిడ పక్కన కూర్చుని భుజం తట్టాడు. ఆ పాత గొంతు ఎక్కడో ఉండే ఉంటుంది కదా, నకలు వెళ్లిపోయేలోగా ఒక్కసారి వినిపించమ్మా అని అడిగాడు.

నుర్జమాల్ కళ్లు తుడుచుకుంది. ఉందనే చెప్పింది. మనస్ఫూర్తిగా సాయం చేస్తానంది. అయితే గౌరవార్థం చేసిన మార్పును వెనక్కి తీసుకోవాలంటే, గుర్తింపు పొందిన తెల్లగడ్డం పెద్దమనిషి స్వయంగా వచ్చి కోరాలి. తాతకు ఆ గుర్తింపు ఉంది, కానీ కార్డుమీది ఫోటోకూ ఎదురుగా ఉన్న మొహానికీ పోలిక లేదు. గడ్డం పెరిగాక రండి తాతగారూ, మిమ్మల్ని వేదికమీద కూర్చోబెట్టి, అందరి ముందూ ఆ కోరిక మన్నిస్తాం అంది. ఆ తరవాత టీ ఉంటుందని కూడా చెప్పింది.

నకలు మర్నాడు రాజధానికి వెళ్లిపోయింది. తాత ఇప్పుడు తాష్‌బులాక్‌లోనే ఉన్నాడు, ఎవరూ పిలవడం లేదు. పోయిన వారం విభాగం వార్షిక నివేదిక అచ్చయి మా ఆఫీసుకు వచ్చింది. అందులో ఇలా ఉంది: జిల్లాలో నిరాదరణకు గురైన పెద్దలు ఎవరూ లేరు. ఒకరి విషయంలో అనుమానం కలిగింది గానీ, విచారించగా ఆయనకు గడ్డం లేదని తేలింది.